నీడ పంపకం: ఖమ్మం, భద్రాచలం సరిహద్దులో చెట్టు చరిత్ర

చెట్టు అందరిదీ అనే మాట వినడానికి ఎంతో ఉదారంగా ఉంటుంది. కాని ఒక వస్తువు అందరిదీ అని చెప్పినంత మాత్రాన అది అందరికీ అందినట్టు కాదు. భూమి భగవంతుడిదని చెప్పుకున్న కాలంలోనే దున్నేవాడికి భూమి లేకపోయింది. నీరు అందరిదీ అన్న ఊళ్ళోనే కొందరికి బావి దగ్గరకు పోయే హక్కు లేకపోయింది. నీడ సంగతి కూడా ఇంతే. అది ఏ వీధిలో పడుతున్నది, ఎవరి నేల మీద మొలిచిన చెట్టుది, ఆ చెట్టుకు నీరు పోసినవారెవరు, దాన్ని నరికించినవారెవరు అనే ప్రశ్నలు వేయకుండా పచ్చదనాన్ని కీర్తించడం చరిత్రను విస్మరించడమే అవుతుంది.

ఇటీవల మన పట్టణాలలో చెట్ల పెంపకాన్ని గురించి చాలా చర్చ జరుగుతున్నది. ఏటేటా నాటిన మొక్కల లెక్కలు వెలువడుతున్నాయి. ఈ చర్చను పరిశీలించడానికి ఖమ్మం, భద్రాచలం ప్రాంతం కంటె తగిన చోటు తెలుగు దేశంలో మరొకటి లేదనుకుంటాను. ఒక పక్క గ్రానైటు, మిరప వ్యాపారాలతో పెరిగిన ఖమ్మం పట్టణం ఉన్నది. దాని వెనక బొగ్గుగనుల కొత్తగూడెం, విద్యుత్కేంద్రాల పాల్వంచ ఉన్నాయి. ఆపైన గోదావరి దాకా, గోదావరి దాటి కూడా, కోయలూ కొండరెడ్లూ నివసించే అడవి. పట్టణంలో నీడకూ అడవిలో చెట్టుకూ సంబంధం ఏమిటని కొందరు అడగవచ్చు. చరిత్ర చూస్తే ఆ రెండూ ఒకే కథ అని తెలుస్తుంది.

ముందుగా ఒక మాట. నీడ విలాస వస్తువు కాదు. 2015 మే నెల ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. వడదెబ్బ ఎవరిని ఎంచుకుంటుందో మనకు తెలియనిది కాదు. మిట్టమధ్యాహ్నం పని మానుకోలేని కూలీని, రేకుల కప్పు కింద పడుకున్న ముసలివాళ్ళను, తోపుడు బండి మీద పళ్ళమ్ముకునేవాణ్ణి ఎంచుకుంటుంది. మిరపకాయల బస్తాలు మోసే హమాలీకి రోడ్డు పక్క వేపచెట్టు అందం కోసం కాదు, ప్రాణం కోసం కావాలి. చెట్టు పంపకం న్యాయంగా ఉన్నదా అనే ప్రశ్నకు ఇంత బరువు ఉన్నది.

ఇక చరిత్రకు వద్దాం. భద్రాచలం ప్రాంతం 1860లో నైజాం నుంచి ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. మొదట దాన్ని మధ్య పరగణాలలో ఎగువ గోదావరి జిల్లాగా పరిపాలించారు. 1874లో భద్రాచలం, రేకపల్లి భాగాలను మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిపారు. కాగితం మీద ఇది కేవలం సరిహద్దు మార్పు. రేకపల్లి కొండల్లో బతికేవారికి మాత్రం ఇది జీవన్మరణ సమస్య అయింది. మధ్య పరగణాల పాలనలో అక్కడ పోడు వ్యవసాయం మీద చెప్పుకోదగ్గ ఆంక్షలు లేవు. మద్రాసు సర్కారు వచ్చి పోడు మీద శిస్తు మూడింతలు చేసింది, కొన్ని అడవుల్లో అసలు అడుగుపెట్టవద్దన్నది. 1879లో రంపలో రేగిన తిరుగుబాటు కొద్ది నెలల్లోనే రేకపల్లికి పాకడానికి ఇది ప్రధాన కారణమని ఆ జిల్లా గెజిటీరు రాసిన దొరలే ఒప్పుకున్నారు. రంపలో చిగురు పన్ను, ముఠాదారుల దోపిడి ఎట్లా నిప్పు రాజేశాయో, ఇక్కడ అడవి మీద కొత్తగా వేసిన కంచె అట్లా రాజేసింది.

తిరుగుబాటును అణచిన రెండేళ్ళకే, 1882లో, మద్రాసు అడవి చట్టం వచ్చింది. అంతవరకు వాడుకగా ఉన్నవి అప్పటినుంచి అనుమతులైనాయి. పోడు, మేపు, వంటచెరకు, ఇంటివాసం, ఇప్పపువ్వు అన్నీ ఫారెస్టు గార్డు దయ మీద ఆధారపడ్డాయి. అదే కాలంలో టేకు దుంగలు తెప్పలు కట్టుకొని గోదావరి మీద రాజమండ్రికి దిగుతూనే ఉన్నాయి. అంటే చెట్టును నరకడం నేరం కాలేదు. ఎవరు నరుకుతున్నారన్నదే నేరాన్ని నిర్ణయించింది. కోయవాడు జొన్న కోసం ఒక చెలక నరికితే అది అడవి నాశనం. కంట్రాక్టరు వంద దుంగలు తెప్ప కడితే అది రాబడి.

గోదావరికి ఇవతల నైజాం ప్రాంతంలో పాలకుల భాష వేరుగాని పద్ధతి వేరుకాదు. 1940వ దశకంలో కొండరెడ్ల మధ్య తిరిగి పరిశోధన చేసిన హైమెన్‌డార్ఫ్, కలప, వెదురు కంట్రాక్టర్ల కింద వారు అప్పులపాలై పనిచేసిన తీరును వివరంగా రాశాడు. తమ అడవిలో తామే కూలీలైన మనుషుల చిత్రం అది. 1889లో యెల్లందు దగ్గర బొగ్గు తవ్వకం మొదలైన నాటినుంచి గని పైకప్పు కూలకుండా నిలబెట్టే దుంగలు చుట్టుపక్కల అడవి నుంచే రావలసి వచ్చింది. 1940లో ఆదిలాబాదు జోడేఘాట్‌లో కొమరం భీము ప్రాణమిచ్చింది కూడా ఈ అడవి తగాదా మీదనే. ఆ తరువాత అయిదేళ్ళకు, 1355 ఫసలీలో, హైదరాబాదు సంస్థానం కొత్త అడవి చట్టం చేసింది. తెలంగాణ సాయుధ పోరాటపు చివరి ఘట్టంలో పాల్వంచ, యెల్లందు అడవుల్లోని కోయ గూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాలలో పెట్టిన సంగతి మన పాఠకులకు కొత్త కాదు. దొరల కాలంలోను, దొరలు పోయిన తరువాత కూడా, అడవిని అదుపులో పెట్టడమంటే అక్కడి మనిషిని కదిలించడమనే అర్థమే చెల్లింది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత దృష్టి మారవలసింది. 1950లో మున్షీగారు వనమహోత్సవం ప్రారంభించారు. 1952 జాతీయ అటవీ విధానం దేశంలో మూడోవంతు భూమి అడవి కింద ఉండాలన్నది. 1988 విధానం అదే సంఖ్యను నిలిపి, అడవి మీద బతికేవారి అవసరాలకు మొదటి స్థానం ఇవ్వాలని కూడా చేర్చింది. ఈ రెండు మాటలలో మొదటిది మాత్రమే అధికారులకు గుర్తున్నది. ముప్పైమూడు శాతం అనే సంఖ్యకు ఒక విచిత్రమైన శక్తి ఉన్నది. రాష్ట్రం మొత్తానికి ఆ సంఖ్య చేరాలంటే పట్టణాలు, పల్లపు భూములు, పెద్ద రైతుల పొలాలు ఉన్న జిల్లాల లోటును కూడా అడవి జిల్లాలే పూడ్చాలి. అంటే పట్నంలో నరికిన చెట్టు బాకీ గూడెంలో వసూలవుతుంది.

పైగా ఏది అడవి అనే విషయంలో కూడా పేచీ ఉన్నది. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా జాతీయ సర్వే సంస్థ వేసే లెక్కలో, హెక్టారు విస్తీర్ణం ఉండి పదిశాతం నేలకు చెట్ల కప్పు ఉంటే చాలు, అది ఎవరి భూమి అయినా, ఏ జాతి చెట్టయినా అడవి కప్పు కిందికే వస్తుంది. 1975లో ఏర్పడిన అటవీ అభివృద్ధి సంస్థ ఈ ప్రాంతంలో వేల ఎకరాలలో జామాయిల్ పెంచింది. 1979లో సారపాకలో కాగితపు మిల్లు పని మొదలుపెట్టింది. మొదట వెదురు, తరువాత జామాయిల్, సుబాబుల్ దాని ఆకలి తీర్చాయి. రైతుకు దానివల్ల కొంత ఆదాయం వచ్చిన మాట నిజమే, దాన్ని కాదనలేము. కాని జామాయిల్ తోటలో ఇప్పపువ్వు రాలదు. తునికాకు దొరకదు. పశువు ఆ ఆకు ముట్టదు. నిలబడటానికి నీడ కూడా పలచనే. లెక్కల పుస్తకంలో మాత్రం నల్లమద్ది, ఇప్ప, తునికి, జిట్రేగి కలిసిన అడవికీ, వరసలు తీర్చిన జామాయిల్ తోటకూ ఒకే గడి. పేదల పేటలో ఒంటరిగా నిలబడి నలభై ఇళ్ళకు నీడనిచ్చే వేపచెట్టు ఈ గడిలోకి రాదు.

ఇట్టి పరిస్థితులలో 2015 జూలైలో తెలంగాణ ప్రభుత్వం హరితహారం ప్రారంభించింది. 24 శాతం ఉన్న పచ్చదనాన్ని 33 శాతానికి పెంచాలని, 230 కోట్ల మొక్కలు పెంచాలని సంకల్పించింది. అందులో వంద కోట్లు అడవుల్లో, 130 కోట్లు అడవుల బయట. ఊరూరా నర్సరీలు లేచాయి. ఉపాధి హామీ కూలీలు గుంతలు తీశారు, సంచుల్లో మట్టి నింపారు, ట్యాంకర్ల వెంట నడిచి నీళ్ళు పోశారు. 2018 పంచాయతీ చట్టం, 2019 పురపాలక చట్టం బడ్జెటులో పదోవంతు పచ్చదనానికి కేటాయించాలని, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని, బతకకపోతే ప్రజాప్రతినిధి బాధ్యత వహించాలని నిర్దేశించాయి. ఇవి తీసిపారేయవలసిన విషయాలు కావు. ఇంత విస్తృతంగా చెట్టును ప్రభుత్వ కార్యక్రమం చేసిన సందర్భం మనకు ముందు లేదు. ప్రభుత్వం మారిన తరువాత 2024లో ఈ కార్యక్రమం పేరు వనమహోత్సవం అయింది. డెబ్బైనాలుగేళ్ళ కిందటి పేరు తిరిగి వచ్చింది. పేరు ఏదైనా, పరిశీలించవలసింది పంపకాన్ని.

అడవి వైపు పంపకం ఎట్లా జరిగింది? మొక్కలు నాటడానికి ఖాళీ స్థలం కావాలి. ఖాళీ అని ఎవరు నిర్ణయిస్తారు? అటవీ శాఖ పటంలో ఖాళీగా కనిపించినది, కోయ కుటుంబానికి తండ్రుల నాటి పోడు చెలక. అక్కడ కందకాలు తవ్వారు, మొక్కలు నాటారు. విత్తనం వేసే అదనులో ఆడవాళ్ళు ఆ కందకాలకు అడ్డంగా కూర్చున్నారు, కేసులు పడ్డాయి. 2006 అటవీ హక్కుల చట్టం, 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనులకు హక్కు ఇవ్వాలని స్పష్టంగా చెప్పింది. దరఖాస్తులు ఏళ్ళ తరబడి నిలిచిపోగా మొక్క మాత్రం వెంటనే వచ్చి నిలబడ్డది. చివరకు 2023 జూన్ 30న మొదలుపెట్టి రాష్ట్రంలో లక్షా యాభైఒక వేల మందికి నాలుగు లక్షల ఆరు వేల ఎకరాలకు పోడు పట్టాలు పంచారు. అందులో అందరికంటె పెద్ద వాటా భద్రాద్రి కొత్తగూడెం జిల్లాది. అంత భూమి మీద హక్కు న్యాయమైనదేనని ప్రభుత్వమే ఒప్పుకున్నదంటే, అంతకుముందు ఆ నేలల్లో తవ్విన కందకాలను ఏమనాలి?

ఈ విషయంలో ఏకపక్షంగా మాట్లాడటం కూడా తప్పే. పోడు వల్ల అడవి తరగలేదని ఎవరూ అనలేరు. పూర్వం ఒక చెలక కొన్నేళ్ళు దున్ని, చాలా ఏళ్ళు విడిచిపెట్టేవారు. అడవి తిరిగి లేచేది. రిజర్వు గీతలు ముంచుకొచ్చి, జనాభా పెరిగి, గిరిజనేతరులు మైదానం నుంచి వచ్చి పత్తి, మిరప వేయడం మొదలుపెట్టాక ఆ విడుపు కాలం లేకుండా పోయింది. గిరిజనుడి పేరు ముందు పెట్టి అడవిని కొట్టించిన పెట్టుబడిదారులు కూడా ఉన్నారు. వీరినీ, తరతరాల పోడు రైతునూ ఒకే గాటన కట్టడం ఎంత తప్పో, ఇద్దరినీ ఒకే మాటతో సమర్థించడం అంతే తప్పు. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలరచేత పట్టుకొని వచ్చిన గుత్తికోయల సంగతి మరీ చిక్కైనది. వారు రెండు రాష్ట్రాల లెక్కల్లోనూ ఎవరికీ చెందనివారు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో, మొక్కల తోట దగ్గర జరిగిన ఘర్షణలో, గుత్తికోయల దాడికి ఒక అటవీ రేంజి అధికారి బలైపోయారు. ఆ హత్యను ఏ కారణంతోనూ సమర్థించలేము. అడవిని కాపాడే ఉద్యోగి కూడా జీతగాడే, అతనికీ బిడ్డలున్నారు. ఉండటానికి నేల చూపని విధానమూ, ఆ నేల మీద మొక్క నాటి కాపాడమని ఉద్యోగిని పంపే విధానమూ ఒక్కటే. ఆ విధానానికి దూరంగా కూర్చున్నవారికి ఏ దెబ్బా తగల్లేదు. తగిలినవారంతా అడవిలో ఎదురుబొదురుగా నిలబడ్డవారే.

ఇప్పుడు పట్టణం వైపు చూద్దాం. ఖమ్మంలో లకారం చెరువు కట్ట అందంగా తయారైంది. పెద్ద రోడ్ల మధ్య డివైడర్ల మీద పూలమొక్కలు, తాటిజాతి అలంకార మొక్కలు వరసగా నిలబడ్డాయి. కారులో పోయేవాడి కంటికి అవి ఇంపుగానే ఉంటాయి. కాని డివైడరు మీది మొక్క నడిచేవాడి నెత్తిన నీడ పట్టదు. నీడ పడవలసిన చోటు రోడ్డు అంచు. రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా మొదట పోయేది ఆ అంచున నిలబడ్డ పాత వేప, చింత, కానుగ, రావి. మూడు వందల గజాల ఇల్లు కట్టుకున్నవాడు పెరట్లో మామిడి పెంచుకోగలడు. అరవై గజాల జాగాలో గోడకు గోడ ఆనించి కట్టుకున్నవాడికి కుండీకి కూడా చోటుండదు. వాడికి చెట్టంటే వీధి చెట్టే. ఆ వీధి ఎనిమిది అడుగుల సందయితే, పైన కరెంటు తీగలుంటే, కింద సిమెంటు పోసేస్తే అక్కడ ఏ పథకమూ మొక్క నాటదు. ఇంటికి ఆరు మొక్కలు సమానంగా పంచినా, నాటే చోటు సమానంగా లేనపుడు ఆ పంపకం కూడా ఉన్నవాడికే పోతుంది.

ఈ స్థితి మనకే ప్రత్యేకం కాదు. అమెరికాలో 1930వ దశకంలో ఇళ్ళ అప్పుల కోసం ప్రభుత్వ సంస్థ నగరాల పటాలు గీయించి, నల్లవారు, పేదవారు ఉండే పేటలకు ఎర్రరంగు వేసింది. అక్కడ అప్పు పుట్టలేదు, మంచి ఇళ్ళు లేవలేదు, చెట్లూ రాలేదు. 2020లో 108 నగరాలను పరిశీలించిన ఒక అధ్యయనం, ఆనాడు ఎర్రరంగు పడ్డ పేటలు నేటికీ మెరుగైన పేటల కంటె సగటున రెండున్నర డిగ్రీలకు పైగా వేడిగా ఉన్నాయని తేల్చింది. ఎనభై, తొంభై ఏళ్ళ కిందటి ఒక గీత ఈనాటి ఎండలో కనిపిస్తున్నదన్నమాట. మన పట్టణాలలో అట్టి పటం ఎవరూ గీయలేదు. గీయవలసిన అవసరం లేకుండానే వెలివాడ ఎక్కడుండాలో, ఊరు ఎక్కడుండాలో మనకు ముందే నిర్ణయమై ఉన్నది. చెరువు గట్టు తోపు ఊరివైపు ఉంటుంది, రాతినేల వాడవైపు ఉంటుంది.

మున్నేటి ఒడ్డు సంగతి చూడండి. 2024 సెప్టెంబరు 1న వచ్చిన వరదకు బొక్కలగడ్డ, ప్రకాశ్‌నగర్ వంటి పల్లపు పేటలు మునిగిపోయాయి. పేదలు అక్కడ ఎందుకున్నారంటే ఖమ్మంలో మెరక భూమి ధర వారికి అందదు కాబట్టి. ఏటి ఒడ్డున చెట్లు ఉండటం అవసరమే, వేళ్ళు మట్టిని పట్టి నిలుపుతాయి. అయితే ఏటి ఒడ్డును పచ్చగా చేయాలనే మాట ఆ ఇళ్ళను లేపివేసే మాటగా మారడానికి ఎంతో దూరం లేదు. పోడు చెలకలో కందకం తవ్విన తర్కమే పట్టణంలో ఈ రూపంలో ప్రత్యక్షమవుతుంది. పేదవాడున్న చోటే పచ్చదనానికి ఖాళీగా కనిపించడం ఈ చరిత్ర పొడుగునా ఉన్న రోగం.

భద్రాచలం పట్టణానిది మరొక చిత్రమైన గతి. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చిన ఆ తాలూకాలో, 2014లో పోలవరం కోసం పట్టణాన్ని మాత్రం మినహాయించి చుట్టూ ఉన్న గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చేశారు. ఊరి పొలిమేర దాటితే వేరే రాష్ట్రం. చెత్త పోసుకునే జాగాకే గతిలేని పట్టణం తోపులు ఎక్కడ పెంచుకుంటుంది? అప్పుడు అటు వెళ్ళిపోయిన మండలాలలో 1879 నాటి రేకపల్లి ఉన్న వరరామచంద్రపురం కూడా ఒకటి. నూటనలభై ఏళ్ళలో ఆ కొండవాళ్ళు రెండుసార్లు పాలన మారారు. మొదటిసారి పోడు పోయింది. రెండవసారి ముంపు వచ్చింది. రెండుసార్లూ వారిని అడిగి గీసిన గీత కాదు.

ఇంత చెప్పిన తరువాత వనజీవి రామయ్యగారిని తలచుకోకపోతే వ్యాసం అన్యాయమవుతుంది. ఖమ్మం పక్కనే రెడ్డిపల్లి గ్రామానికి చెందిన దరిపల్లి రామయ్యగారు జీవితమంతా మొక్కలు నాటారు. విత్తనాలు ఏరి, సైకిలు మీద తిరిగి, రోడ్ల పక్కన, కాలువ గట్ల మీద చల్లారు. కోటికి పైగా మొక్కలు నాటారని ప్రతీతి. భార్య జానమ్మగారు ఆయన వెంట ఉండి ఆ పని చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్ 12న కన్నుమూశారు. ఆయన విషయంలో అందరూ చెప్పే మాట సంఖ్య. నాకు అంతకంటె ముఖ్యంగా తోచేది ఆయన ఎంచుకున్న చోటు. ఎవరి పొలాన్నీ ఆక్రమించలేదు, ఎవరి బతుకునూ లేపలేదు. దారిన పోయేవాడికి నీడ పడే చోట్లు వెతికారు. నాటి వదిలెయ్యకుండా నీరు పోశారు. చెట్టు పంపకంలో న్యాయమంటే ఏమిటో ఆయన పని చూస్తే తెలుస్తుంది. అయితే ఒక మనిషి త్యాగాన్ని సన్మానించి సమాజం తన బాధ్యత తీరిపోయిందనుకోవడం మనకు అలవాటు. ఆయన బొమ్మ పెట్టిన రోడ్డు మీదనే వెడల్పు కోసం చెట్లు నరికితే ఆ సన్మానానికి అర్థం లేదు.

కాబట్టి అడగవలసిన విషయాలు స్పష్టంగానే ఉన్నాయి. పట్టణంలో ఎన్ని మొక్కలు నాటారన్న లెక్క కాక, ప్రతి డివిజనులోనూ అయిదేళ్ళ తరువాత ఎన్ని చెట్లు నీడనిస్తున్నాయన్న లెక్క గోడమీద రాసి పెట్టాలి. ఆ లెక్కలో అట్టడుగున ఉన్న పేటకు పచ్చదనపు నిధిలో మొదటి వాటా దక్కాలి. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు నరకడానికి అనుమతి కావాలి. ఆ అనుమతి ఇచ్చేముందు ఆ చెట్టు కింద కూర్చుని బతికే చెప్పులు కుట్టేవాణ్ణి, పళ్ళమ్మేవాణ్ణి ఒక మాట అడగాలి. ఒక పేటలో నరికిన చెట్టుకు బదులు అదే పేటలో నాటాలి, ఇరవై మైళ్ళ అవతల గూడెంలో కాదు. అడవి వైపు వస్తే, గ్రామసభ ఒప్పుకోనిదే ఏ చెలకలోనూ కందకం దిగరాదు. ఏ చెట్టు నాటాలో కూడా ఆ సభే చెప్పాలి. ఇప్ప, తునికి, చింత, ఉసిరి నాటితే కాపాడమని వారికి ఎవరూ చెప్పనక్కరలేదు, వాటి మీద వారి కూడు ఉన్నది కాబట్టి.

మన సాహిత్యంలో చెట్టును గురించి కవిత్వం చాలా వచ్చింది. దాని కింద పడుకునే హక్కు ఎవరికుందన్న ప్రశ్న తక్కువగా వచ్చింది. అడవిని వర్ణించిన రచయితలు అడవి మనిషిని ప్రకృతిలో భాగంగా వర్ణించి ఊరుకున్నారు. పట్టణాన్ని వర్ణించినవారు ఎండను వర్ణించి, అది ఏ వీధిలో ఎక్కువో చెప్పకుండా వదిలేశారు. అభ్యుదయ రచయితలు పూరించవలసిన లోటు ఇది. రేకపల్లిలో శిస్తు మూడింతలైన నాటినుంచి బొక్కలగడ్డలో నీరు ఇళ్ళలోకి వచ్చిన నాటివరకు ఈ ప్రాంతపు చరిత్రను చెట్టు వైపు నుంచి రాయవలసి ఉన్నది. ఆ చరిత్ర రాసేటప్పుడు నాటిన మొక్కల సంఖ్య కాక, వాటి కింద నిలబడ్డ మనుషుల పేర్లు మనకు ఆధారం కావాలి.